అట్ట కాదు, లోపలి డిస్కు చూడండి: హోమ్ వీడియో మీద మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈ నెల ఉత్తరాలన్నీ కొత్తగా వస్తున్న డిస్కుల మీదే, డీవీడీ, బ్లూ రే, 4కె ఏదీ వదల్లేదు మీరు. కొన్ని చదువుతుంటే నవ్వాపుకోలేకపోయాను, కొన్నిట్లో మంచి కోపం ఉంది, ఆ కోపం న్యాయమే కూడా. పేర్లు వెయ్యట్లేదు, ఇంట్లో గొడవలవుతాయి వద్దని మీలో చాలామందే రాశారు.

ప్ర: అన్నయ్యా, మా ఆయన దగ్గర ఒకే సినిమా నాలుగున్నాయి. ముందు మామూలు డీవీడీ, తర్వాత స్పెషల్ ఎడిషన్ డీవీడీ, ఆ తర్వాత అల్టిమేట్ ఎడిషన్ బ్లూ రే, ఇప్పుడు యానివర్సరీ ఎడిషన్ 4కె. ప్రతిసారీ "ఇదే ఆఖరు, ఒట్టు" అంటారు. ఐదోది ఇంట్లోకి రాకుండా ఎలా ఆపాలి?

జ: చెల్లెమ్మా, పూర్తిగా ఆపడం కష్టం గాని తగ్గించొచ్చు. అట్ట మీద స్పెషల్, అల్టిమేట్, కలెక్టర్స్ అని రాసుకోడానికి ఎక్కడా రూలు లేదు, ఎవరికి నచ్చింది వాళ్ళు రాసుకుంటారు, ఇవాళ అల్టిమేట్ అన్నవాళ్ళే రేపు ఇంకోటి తెస్తారు, వాళ్ళని అడిగేవాళ్ళు లేరు. లోపలి డిస్కుకి మాత్రం లెక్కలున్నాయి. డీవీడీ 1996 చివర్లో జపాన్లో, 1997లో అమెరికాలో వచ్చింది, అమెరికా రకంలో బొమ్మ 720 బై 480 చుక్కలు, ఒక పొర డిస్కులో పట్టేది 4.7 జీబీ, రెండు పొరలైతే 8.5. బ్లూ రే 2006లో వచ్చింది, 1920 బై 1080, ఒక పొరకి 25 జీబీ, రెండిటికి 50. 4కె డిస్కు 2016లో వచ్చింది, 3840 బై 2160, పెద్ద డిస్కులో 100 జీబీ దాకా పడుతుంది. అంచేత మీ ఆయన డీవీడీ నించి బ్లూ రేకి, అక్కణ్ణించి 4కెకి వెళ్తే దానికో అర్థం ఉంది, అక్కడ మాత్రం ఆయన్ని ఏమీ అనకండి.

మధ్యలో ఆ స్పెషల్ ఎడిషన్ డీవీడీ ఉంది చూడండి, అలాంటివాటి దగ్గరే పట్టుకోవాలి. డిస్కు రకం మారకుండా పేరొక్కటే మారితే ఆయన్ని ఒకటే అడగండి, "కొత్తగా స్కాన్ చేశారా, పాత మాస్టరేనా?" అని, మాస్టర్ అంటే డిస్కులన్నీ దేన్నించి తీస్తారో ఆ మూల కాపీ. 35 ఎంఎం ఫిల్ము మీద తీసిన పాత సినిమాకి ఒరిజినల్ నెగెటివ్ బయటికి తీసి, శుభ్రం చేసి, మళ్ళీ 4కెలో స్కాన్ చేస్తే తేడా గది అవతల నించి కూడా కనపడుతుంది. ఎప్పుడో డీవీడీ కోసం చేసిన మాస్టర్నే మళ్ళీ వాడేసి, మూడు పోస్ట్ కార్డులూ ఒక చిన్న పుస్తకం పెట్టి, మెరిసే పెట్టెలో అమ్మితే మీరు కొన్నది పోస్ట్ కార్డులు. అవి ఇష్టమైతే కొనుక్కోండి, తప్పేం లేదు, సినిమా కోసం కొంటున్నాం అని మాత్రం అనుకోకండి.

ఇంకోటి కూడా చెప్పాలి. 2000ల నించి పదిహేనేళ్ళకి పైగా చాలా సినిమాలకి ఎడిటింగు, రంగులు, గ్రాఫిక్సు అన్నీ అయ్యాక తయారయ్యే ఫైనల్ ఫైలు 2కెలోనే ఉండేది, అంటే అడ్డంగా 2048 చుక్కలు. వాటిని 4కె డిస్కు మీద పెడితే ఆ బొమ్మని సాగదీసి పెద్దది చేసినట్టే. అయినా వేస్ట్ అనను, ఎందుకంటే హెచ్‌డీఆర్ అనే పద్ధతి వల్ల వెలుగులూ చీకట్లూ రంగులూ బాగుపడతాయి, కానీ బ్లూ రే ఆల్రెడీ ఇంట్లో ఉంటే తొందరేం లేదు, ఆగొచ్చు.

ప్ర: సార్, గోడంత టీవీ కొన్నాం. కొత్త డిస్కు పెడితే పైనా కిందా నల్ల పట్టీలు. మా నాన్నగారు "సగం టీవీ పని చెయ్యట్లేదు, వెనక్కిచ్చెయ్" అని రోజూ పోరు. రిమోట్లో జూమ్ నొక్కితే పట్టీలు పోతున్నాయి, నాన్నగారు ప్రశాంతంగా ఉంటున్నారు. నొక్కెయ్యనా?

జ: నొక్కకండి బాబూ, దయచేసి నొక్కకండి. నాన్నగారికి ముందు లెక్క చెప్పండి. మీ టీవీ 16కి 9, అంటే ఎత్తుకి 1.78 రెట్లు వెడల్పు. సినిమా స్కోప్ అయితే ఎత్తుకి 2.39 రెట్లు వెడల్పుంటుంది. అంత వెడల్పు బొమ్మ టీవీలో పూర్తిగా పట్టాలంటే ఎత్తు తగ్గాలి, తగ్గేది పావు వంతు, సగం కాదు. మీరు జూమ్ నొక్కారంటే రెండు పక్కలా కలిపి ఆ పావు వంతు బొమ్మే బయటికి పోతుంది. కెమెరామాన్ ఎండలో గంటలు నిలబడి ఫ్రేమ్ పెట్టుకున్నది అది.

పాత 4కి 3 టీవీల రోజుల్లో ఇదే పని కంపెనీలే చేసి అమ్మేవి. టీవీ నిండా కనపడాలని బొమ్మకి రెండు పక్కలా కోసేసి, ఆ మిగిలిన ముక్కని అటూ ఇటూ జరిపేవాళ్ళు, పాన్ అండ్ స్కాన్ అనేవారు దాన్ని. 2.39 సినిమాని 1.33 టీవీలో కుక్కితే దాదాపు 44 శాతం బొమ్మ పోతుంది. ఇద్దరు ఎదురెదురుగా నిలబడి దెబ్బలాడుకుంటుంటే మధ్యలో ఖాళీ గోడా, ఆ చివరో ముక్కు, ఈ చివరో ముక్కు కనపడేవి. అట్ట మీదేమో ఫుల్ స్క్రీన్ అని గొప్పగా రాసేవారు! ఆ గోలలోంచి బయటపడ్డానికి డీవీడీకి ముందొచ్చిన లేజర్ డిస్కుల కాలం నించి సినిమా అంటే ప్రాణం పెట్టేవాళ్ళు ఎంత పోరాడారో, ఆ పట్టీలు వాళ్ళు గెలిచిన గుర్తు. నాన్నగార్ని లైట్లార్పేసి చూడమనండి, పది నిమిషాల్లో పట్టీలు మర్చిపోతారు. 1950ల ముందు సినిమాలు పెడితే పట్టీలు ఈసారి రెండు పక్కలా వస్తాయి, అది కూడా ముందే చెప్పి ఉంచండి.

ప్ర: అన్నా, డబ్బులు పెట్టి ఒరిజినల్ డిస్కు కొంటే ముందు పైరసీ చెయ్యొద్దని నన్నే బెదిరిస్తున్నాడు, తర్వాత ట్రైలర్లు, రిమోట్ నొక్కితే "ఇప్పుడు కుదరదు" అని తెర మీద ఒక గుర్తు పడుతోంది. దొంగ కాపీ చూసేవాడికి ఇవేం లేవు. నేనేం పాపం చేశా?

జ: ఏ పాపం చెయ్యలేదు తమ్ముడూ, నీ కోపంతో నేనూ ఉన్నా. డీవీడీ ప్రమాణంలోనే ఒక ఏర్పాటుంది, డిస్కు తయారుచేసేవాళ్ళు ఫలానా చోట ఫలానా బటన్ పనిచెయ్యకూడదు అని గుర్తు పెట్టొచ్చు, ప్రమాణం పాటించే ప్లేయరైతే దానికి లొంగుతుంది. ఆ వసతి హెచ్చరిక పేజీ కోసం పెట్టారు, ట్రైలర్లకి కూడా వాడేశారు. కొన్నిట్లో మెనూ నొక్కితే ట్రైలర్లు పోవు గాని తర్వాతి చాప్టర్ బటన్‌కి లొంగుతాయి, కొన్ని ప్లేయర్లలో స్టాప్ రెండుసార్లు నొక్కి ప్లే నొక్కితే నేరుగా సినిమాకి వెళ్తుంది. అన్నిట్లో పనిచెయ్యదు, ఒకసారి ట్రై చెయ్. కొన్నవాడిని శిక్షించే డిస్కు ఎవరు చేసినా తప్పే, కంపెనీకి రాయండి, రివ్యూల్లో కూడా రాయండి.

ప్ర: డైరెక్టర్స్ కట్, ఎక్స్‌టెండెడ్ కట్, ఫైనల్ కట్, థియేట్రికల్ కట్... మా తమ్ముడు అన్నీ కలిపి కొన్నాడు, ఏది ముందు చూడాలో తెలీక ఏదీ చూడలేదు. ఏది అసలు సినిమా?

జ: ముందు థియేటర్లో వచ్చింది చూడమనండి. జనం చూసింది, మాట్లాడుకుంది, తిట్టుకుంది, నెత్తిన పెట్టుకుంది అదే. తర్వాత మిగతావి.

డైరెక్టర్స్ కట్ అంటే పొడుగని చాలామంది అనుకుంటారు, ప్రతిసారీ కాదు. ఫ్రాన్సిస్ ఫోర్డ్ కొప్పోలా 1979లో తీసిన అపోకలిప్స్ నౌ చూడండి, 2001లో రీడక్స్ అని 202 నిమిషాలు చేశారు, మళ్ళీ 2019లో ఫైనల్ కట్ అని 183 నిమిషాలకి తగ్గించారు. అదే మనిషి, అదే సినిమా, నలభై ఏళ్ళు ఆలోచించి మధ్యలో ఎక్కడో ఆగాడు. 1982 నాటి బ్లేడ్ రన్నర్‌కి 2007లో వచ్చిన పెద్ద పెట్టెలో ఐదు రకాలున్నాయి, వర్క్ ప్రింటు అంటే పూర్తికాకముందు పని కాపీ, అమెరికాలో ఆడింది, మిగతా దేశాల్లో ఆడింది, 1992 డైరెక్టర్స్ కట్, 2007 ఫైనల్ కట్. తమాషా ఏంటంటే 1992 దాని మీద డైరెక్టర్స్ కట్ అని ఉన్నా డైరెక్టర్ రిడ్లీ స్కాట్ చేతికి పూర్తి అధికారం వచ్చింది 2007 దాంట్లోనే. చూశారా, అట్ట మీది మాటకి ఇక్కడ కూడా గ్యారంటీ లేదు. అయినా ఆ పెట్టె అంటే నాకు చాలా గౌరవం, ఎందుకంటే ఐదూ ఇచ్చారు, ఏదీ దాచలేదు, నీకు నచ్చింది నువ్వు చూసుకో అన్నారు.

దానికి పూర్తి ఎదురు స్టార్ వార్స్. 1997లో మార్పులు చేసి మళ్ళీ రిలీజ్ చేశారు, ఆ తర్వాత డిస్కుల్లో ఆ మార్చినవే. పాత మొదటి రూపం 2006లో ఒకసారి డీవీడీల్లో అదనపు డిస్కుగా ఇచ్చారు గాని 1993 నాటి లేజర్ డిస్కు కోసం చేసిన మాస్టర్ నించి తీసి, వైడ్ స్క్రీన్ టీవీకి సరిగ్గా సర్దకుండా ఇచ్చారు. ప్రపంచం మొత్తం క్యూ కట్టి చూసిన సినిమా అసలు రూపం ఇంట్లో చూసుకోవాలంటే ఇంత పాట్లా అని నాకు ఇప్పటికీ బాధే. డైరెక్టర్ తన సినిమా మార్చుకోవచ్చు, ఎవరూ కాదనరు, పాతది మాయం చెయ్యకూడదు అంతే. అందుకే ఇష్టమైన సినిమా ఏ రూపంలో ఇష్టమో ఆ రూపం డిస్కు దొరికినప్పుడే తీసుకోండి, తర్వాత చూద్దాంలే అంటే ఆ తర్వాత రాకపోవచ్చు.

ప్ర: సార్, రాత్రి పూట సినిమా పెడితే మాటలు వినపడవు, సౌండు పెంచుతా. వెంటనే ఏదో పేలుతుంది, పిల్లాడు లేస్తాడు, మా ఆవిడ లేస్తుంది, నన్ను లేపేస్తుంది. కొత్త డిస్కులన్నీ ఇలాగే ఉన్నాయి. నా చెవులా, డిస్కా?

జ: మీ చెవులు బంగారంలా ఉన్నాయి. థియేటర్ కోసం చేసిన సౌండు ఇది, అక్కడ ఒక్కో స్పీకరు గుబుక్కుమన్నప్పుడు 105 డెసిబెల్స్ దాకా వెళ్ళేలా మిక్సింగ్ చేస్తారు, మాటలు దానికి చాలా కింద ఉంటాయి. పైగా 5.1 సౌండులో మాటలు ఎక్కువ భాగం మధ్య స్పీకర్లోంచి రావాలి. మీ టీవీకి ఆ మధ్య స్పీకరు లేదు, అంచేత ఆరు దారుల్లో వచ్చే సౌండుని రెండిట్లోకి కుదిస్తుంది, ఆ కుదింపులో మాటలు నలిగిపోతాయి.

మూడు పనులు చెయ్యండి. డిస్కు మెనూలో స్టీరియో ట్రాక్ విడిగా ఉంటే అది పెట్టండి, చాలామంది అసలు ఆ పేజీలోకే వెళ్ళరు. ప్లేయర్ సెట్టింగుల్లో నైట్ మోడ్ అనో, డైనమిక్ రేంజ్ అనో ఉంటుంది, అది ఆన్ చేస్తే పెద్ద శబ్దాలు తగ్గి చిన్నవి పెరుగుతాయి. సౌండ్ బార్ కొనే ఆలోచన ఉంటే మధ్యలో విడిగా స్పీకరున్నది కొనండి, అంటే 3.1 అయినా ఉండాలి. పగలు ఒక్కరే ఉన్నప్పుడు మాత్రం ఇవన్నీ తీసేసి పూర్తి సౌండుతో చూడండి, అంత కష్టపడి చేసిన మిక్సింగ్ అది, ఒక్కసారైనా వినాలి.

ప్ర: అక్క కొనిపెట్టిన 4కె డిస్కులో హీరోయిన్ మొహం మీద సన్నగా ఇసక కదులుతున్నట్టుంది. పాత డీవీడీలో నున్నగా ఉండేది. అక్క మోసపోయిందా?

జ: మీ అక్క బ్రహ్మాండమైన డిస్కు కొనిపెట్టింది, ఫోన్ చేసి థాంక్స్ చెప్పండి. అది ఇసక కాదు, గ్రెయిన్. ఫిల్ము మీద వెండి లవణాల రేణువులుంటాయి, వెలుగు పడితే బొమ్మ తయారయ్యేది వాటివల్లే, అంటే ఆ రేణువులే బొమ్మ. డీవీడీకి అంత సన్నని వివరం పట్టదు కాబట్టి కనపడలేదు, 4కెకి పడుతుంది కాబట్టి కనపడుతోంది. హీరోయిన్ బట్టల నేత, కనురెప్పల వెంట్రుకలు కూడా ఆ గ్రెయిన్‌తో పాటే ఉంటాయి, దాన్ని తుడిచేస్తే అవీ పోతాయి.

తుడిచేస్తే ఏమవుతుందో చూడాలంటే ప్రెడేటర్ సినిమాకి 2010లో వచ్చిన బ్లూ రే ఉంది, అడవిలో చెమటలు కక్కుతూ తిరిగే సైనికులు అందులో మైనం బొమ్మల్లా తయారయ్యారు, కొన్నవాళ్ళంతా లబోదిబోమన్నారు. ఈమధ్య ఇంకో పద్ధతి వచ్చింది, కంప్యూటర్ చేత వివరాలు పుట్టించడం. 2024లో డిస్కుల మీదకొచ్చిన ఏలియన్స్, ట్రూ లైస్, ది అబిస్ మీద ఇదే గొడవ, కొంతమంది అద్భుతం అన్నారు, కొంతమంది చర్మం చర్మంలా లేదు, వెంట్రుకలు గీసినట్టున్నాయి అన్నారు. నేను రెండోవాళ్ళతో ఉంటాను. నెగెటివ్ మీద లేని వివరం నాకక్కర్లేదు, ఉన్నది ఉన్నట్టు ఇస్తే చాలు.

ప్ర: కొత్త టీవీలో ఎంత పెద్ద సినిమా పెట్టినా టీవీ సీరియల్ షూటింగ్ దగ్గర నిలబడి చూస్తున్నట్టుంది. ఇంట్లో నాకొక్కడికే అలా కనపడుతోంది, పిచ్చోణ్ణి చూసినట్టు చూస్తున్నారు.

జ: పిచ్చి కాదు, మీకు కన్ను ఉంది. సినిమా సెకనుకి 24 ఫ్రేములు, టీవీ తనంతట తనే మధ్యలో కొత్త ఫ్రేములు పుట్టించి నున్నగా చేస్తోంది. 2018 డిసెంబర్లో టామ్ క్రూజ్, దర్శకుడు క్రిస్టఫర్ మెక్వారీ కలిసి ఇది ఆపేసుకోండి మహానుభావులారా అని వీడియో పెట్టారు. 2019లో ఫిల్మ్ మేకర్ మోడ్ అని ఒకటి ప్రకటించారు, ఆ తర్వాత వచ్చిన చాలా టీవీల్లో ఉంది, అది పెట్టేస్తే ఈ గోలంతా ఒక్క దెబ్బకి ఆగిపోతుంది. లేకపోతే సెట్టింగుల్లో మోషన్ అనే మాట ఎక్కడుంటే అక్కడ ఆఫ్ చెయ్యండి.

ప్ర: అన్నీ ఫోన్లోనే వస్తుంటే ఈ పళ్ళేలు ఎందుకు సార్? మా ఆయన షెల్ఫు కోసం గది మారదాం అంటున్నారు.

జ: గది మారొద్దు, షెల్ఫు మాత్రం తీసెయ్యొద్దు. స్ట్రీమింగ్ మీద నాకు పగ లేదు, కొత్త సినిమా బాగుందో లేదో చూడ్డానికి అంతకంటే తేలిక లేదు. కానీ రెండు విషయాలు. ఒకటి బొమ్మ. నెట్‌ఫ్లిక్స్ 4కెకి సెకనుకి 15 మెగాబిట్ల నెట్ ఉంటే చాలంటుంది. 4కె డిస్కు అవసరమైతే సెకనుకి వంద మెగాబిట్లు దాటి కూడా ఇవ్వగలదు. వానా పొగా చీకటీ ఉన్న సీన్లలో ఆ తేడా తెలుస్తుంది, స్ట్రీమింగ్‌లో చీకటి గళ్ళు గళ్ళుగా విరుగుతుంది.

రెండోది అంతకంటే ముఖ్యం. అక్కడ "కొను" అని బటన్ నొక్కి డబ్బు కట్టినా చాలాసార్లు మీకు దక్కేది చూసుకునే అనుమతి, హక్కులు మారితే సినిమా అక్కణ్ణించి లేచిపోవచ్చు. కాలిఫోర్నియాలో 2025 జనవరి 1 నించి ఈ సంగతి కొనేవాళ్ళకి స్పష్టంగా చెప్పాలని చట్టమే తెచ్చారు, అంటే ఎంతమంది తెలీక కొంటున్నారో ఆలోచించండి. 1998లో పోస్టులో డీవీడీలు అద్దెకిస్తూ మొదలైన నెట్‌ఫ్లిక్స్ కూడా 2023 సెప్టెంబర్ 29న ఆఖరి డిస్కులు పంపి ఆ పని మానేసింది, ఏ యాప్‌లోనూ లేని పాత సినిమాలు ఎన్నో ఆ డిస్కుల్లో ఉండేవి. మీ ఆయన్ని షెల్ఫులోంచి రెండోసారి చూడని సినిమాలు తీసి ఎవరికైనా ఇచ్చెయ్యమనండి, మిగిలినవి ఉంచుకోమనండి, గది సరిపోతుంది.

ప్ర: ఒకసారి చూసేసి పారేసే డిస్కు అమ్మితే ఎంత బావుణ్ణు! ఈ ఐడియా నాదే, ఎవరికీ చెప్పకండి.

జ: చెప్పక తప్పట్లేదు తమ్ముడూ, నీకంటే ముందు ఇద్దరికొచ్చింది. 1998లో డివిఎక్స్ అని అమెరికాలో పెట్టారు, డిస్కు మొదటిసారి పెట్టాక 48 గంటలే ఆడుతుంది, మళ్ళీ చూడాలంటే మళ్ళీ డబ్బు, ప్లేయరుకి టెలిఫోన్ వైరు తగిలించాలి. 1999కే మూసేశారు. తర్వాత 2003లో డిస్నీ ఇంకో రకం అమ్మి చూసింది, ప్యాకెట్ చింపగానే గాలి తగిలి ఎర్రగా ఉన్న డిస్కు మెల్లిగా నల్లబడిపోతుంది, 48 గంటల తర్వాత ప్లేయరు చదవలేదు. అది కూడా నిలబడలేదు. జనానికి సినిమా దాచుకోవాలనే ఉంటుంది, పైగా అంత చెత్త ఎక్కడ పోస్తారు?

ప్ర: మా అన్నయ్య స్టీల్ బుక్కులు, అదే రేకు పెట్టెల్లో వచ్చే డిస్కులు, కొంటాడు, ఒక్కటీ సీలు తియ్యడు. వాటిని చూడ్డానికి అదే సినిమా ఇంకో మామూలు డిస్కు కొంటాడు. మేం ముట్టుకుంటే చేతులు కడుక్కోమంటాడు.

జ: చేతులు కడుక్కోమనడం కరెక్టే, దాంట్లో అన్నయ్యదే రైటు. సీలు తియ్యకపోవడం మాత్రం ప్రమాదం, ఎందుకంటే లోపల డిస్కు ఊడి గీతలు పడ్డా, వేరే డిస్కు పెట్టేసినా, అసలు ఖాళీగా ఉన్నా, మార్చుకునే గడువు దాటాక తెలుస్తుంది. తయారీలో అంటించడం సరిగ్గా కుదరక లోపలి లోహపు పొరకి గాలి తగిలి పాడయ్యే డిస్కులు కూడా ఉన్నాయి, బయటికి కొత్తదానిలాగే ఉంటుంది, పెడితే సగంలో ఆగిపోతుంది. కొనగానే ఒకసారి చివరిదాకా ఆడించి చూడమనండి, రెండు పొరల డిస్కులో గొడవుంటే రెండో సగంలో బయటపడుతుంది.

తుడవాల్సొస్తే మెత్తటి గుడ్డతో మధ్యలోంచి అంచుకి తిన్నగా తుడవాలి, గుండ్రంగా తిప్పకూడదు, ఎందుకంటే డేటా గుండ్రంగానే రాసుంటుంది, గుండ్రపు గీత పడితే వరసగా చాలా డేటా పోతుంది, అడ్డగీతైతే ప్లేయరు సర్దుకుంటుంది. డీవీడీలో డేటా పొర డిస్కు మందంలో మధ్యలో ఉంటుంది, బ్లూ రేలో ప్లేయరు చదివే వైపు నించి 0.1 మిల్లీమీటరు లోపలే ఉంటుంది, అందుకే దానికి గట్టి పూత వేస్తారు.

ప్ర: ఫారిన్లో ఉండే మావయ్య డీవీడీ పంపాడు. మా దాంట్లో ఆడదు, కొలీగ్ ప్లేయర్లో ఆడింది. తీరా చూస్తే అదే సినిమా మా డిస్కు కంటే ఐదు నిమిషాలు తక్కువుంది! ఆ ఐదు నిమిషాల్లో ఏం కోశారో తెల్సుకోవాలని ఇంటిల్లిపాదీ రెండూ పక్కపక్కన పెట్టి చూశాం, ఏం దొరకలేదు.

జ: మీ కుటుంబానికి నా నమస్కారం, రెండు సినిమాలు పక్కపక్కన పెట్టి చూడ్డం మాటలా! ఏమీ కొయ్యలేదండీ. డీవీడీలకి ప్రపంచాన్ని ఆరు రీజియన్లుగా విడగొట్టారు, ఒక రీజియన్ డిస్కు ఇంకో రీజియన్ ప్లేయర్లో ఆడదు, కొలీగ్ ప్లేయరు అన్నీ ఆడేదయ్యుంటుంది. ఐదు నిమిషాల సంగతేంటంటే, ప్యాల్ అనే టీవీ పద్ధతి ఉన్న దేశాల డీవీడీల్లో సెకనుకి 24 ఫ్రేముల సినిమాని 25 ఫ్రేములుగా ఆడిస్తారు, అంటే 4 శాతం ఫాస్ట్. రెండు గంటల సినిమా 115 నిమిషాల్లో అయిపోతుంది. సౌండు సరిచెయ్యకపోతే హీరో గొంతు కూడా కొంచెం సన్నగా వినపడుతుంది, మళ్ళీ ఒకసారి విని చూడండి. బ్లూ రేలకి మూడు రీజియన్లున్నాయి, ఏ, బీ, సీ. 4కె డిస్కులకి రీజియన్ గోల లేదు, మావయ్యకి ఈసారి అవి పంపమని చెప్పండి, ప్లేయరు 4కెదే ఉండాలి అంతే.

ప్ర: సినిమా నడుస్తుంటే పైన డైరెక్టర్ మాట్లాడుతూ ఉండే కామెంటరీ ఎవరైనా వింటారా అండీ? మా ఇంట్లో సినిమా మధ్యలో మాట్లాడితే కొడతారు.

జ: నేను వింటానండీ, నాలాంటివాళ్ళు చాలామందే ఉన్నారు. 1984లో క్రైటీరియన్ అనే డిస్కుల కంపెనీ వాళ్ళు 1933 నాటి కింగ్ కాంగ్‌ని లేజర్ డిస్కుగా తెచ్చినప్పుడు అందులో రెండో సౌండు ట్రాకు ఖాళీగా ఉంది, రొనాల్డ్ హేవర్ అనే సినిమా నిపుణుడి చేత దాని మీద మాట్లాడించారు. కామెంటరీ అనేది అలా మొదలైంది. ఇప్పటికీ అందరికంటే బాగా మాట్లాడేది కెమెరామాన్లూ ఎడిటర్లూ అని నా అభిప్రాయం, ఈ షాట్లో లైటు ఎక్కడ పెట్టాం, ఇక్కడ ఎందుకు కట్ చేశాం అని చెప్తారు, నటులైతే తరచుగా ఒకళ్ళనొకళ్ళు పొగుడుకుంటూ నవ్వుకుంటూ గడిపేస్తారు. సినిమా తియ్యాలనుకునే పిల్లలున్న ఇంట్లో ఒక మంచి కామెంటరీ డిస్కు ఉండాల్సిందే. కొత్త డిస్కుల్లో ఇవి తగ్గించేస్తున్నారు, కొన్ని కొత్త ఎడిషన్లలో పాత కామెంటరీ వదిలేస్తున్నారు కూడా, అందుకని పాత డిస్కు అమ్మే ముందు రెండు అట్టలూ వెనక్కి తిప్పి చూసుకోండి.

ప్ర: హోమ్ వీడియో గురించి రాయమన్నారుగా, మా ఇంటి వీడియోలు పెట్టెడున్నాయి బాబూ, అన్నీ వీహెచ్ఎస్ టేపులు. అవి ఎప్పుడు రిలీజ్ అవుతాయని మనవరాలు అడుగుతోంది. మా వీసీఆర్ పాడైపోయింది.

జ: అమ్మా, ఈ నెల వచ్చినవాట్లో అన్నిటికంటే అర్జెంటు రిలీజ్ మీదే. డిస్కులు మళ్ళీ దొరుకుతాయి, మీ టేపులకి రెండో కాపీ లేదు. టేపు మీది అయస్కాంతపు పూత ఏళ్ళు గడిచేకొద్దీ బలహీనపడుతుంది, తేమ తగిలితే బూజు పడుతుంది. వీసీఆర్లు తయారుచేసిన ఆఖరి కంపెనీ ఫునై 2016 జులైలో ఆపేసింది, అంటే ఇప్పుడున్నవన్నీ పాతవే, రోజురోజుకీ తగ్గుతున్నాయి. ఆలస్యం చెయ్యకండి.

ముందు ప్రతి టేపుకీ అంచులో ఉండే చిన్న ప్లాస్టిక్ పలక విరిచెయ్యండి, అప్పుడు దాని మీద పొరపాటున కూడా ఇంకోటి రికార్డవదు. బూజున్న టేపు ఎందులోనూ పెట్టొద్దు, మిషను కూడా పాడై మిగతా టేపులకి అంటుకుంటుంది, వాటిని విడిగా తీసి ఆ పని తెల్సినవాళ్ళకే ఇవ్వండి. మిగిలినవాటికి పనిచేసే వీసీఆర్ అరువు తెచ్చుకుని మనవరాలి చేత కంప్యూటర్లోకి ఎక్కించొచ్చు, చిన్న కాప్చర్ పరికరం ఒకటుంటే చాలు, గంట టేపుకి గంట పడుతుంది కాబట్టి ఓపిక కావాలి. ఎక్కించాక పాత టేపులు పారెయ్యకండి, నిలబెట్టి పొడిగా ఉన్న చోట పెట్టండి. ఫైళ్ళు రెండు చోట్ల ఉంచండి, ఒకటి మీ ఇంట్లో, ఇంకోటి వేరే ఊళ్ళో ఉన్న పిల్లల దగ్గర.